తఖ్తీ నుంచి ఖిలౌనా దాకా: మన పిల్లల చదువు షౌక్ కథ

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించడం పాత రివాజు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, ముందు తఖ్తీ పెట్టి కూర్చోబెడతారు. ఉస్తాద్ ఒక్కో మాట పలుకుతుంటే బిడ్డ ముద్దుముద్దుగా వెంట పలుకుతుంది. దాదీమా బలాయే తీసుకుంటుంది. మొహల్లా అంతా మిఠాయి పంచుతారు. అక్షరాన్ని ఇంత ఇజ్జత్‌తో ఇంట్లోకి పిలుచుకునే సమాజాలు ఎన్ని ఉంటాయి చెప్పండి?

మరి ఆ మిఠాయి తిన్నాక ఆ బిడ్డ చేతికి ఏం ఇస్తున్నాం? ఖాయిదా ఇస్తాం, తర్వాత పారా ఇస్తాం, ఆ తర్వాత బస్తా నిండా స్కూలు పుస్తకాలు ఇస్తాం. ఇవన్నీ జరూరీయే, కాదనను. కానీ తన మజా కోసం, తన షౌక్ కోసం, పరీక్ష లేకుండా, ఎవరికీ అప్పజెప్పే పని లేకుండా చదువుకునే ఒక్క కితాబ్ మన ఇళ్లలో ఎన్ని అల్మారీల్లో ఉంది? ప్రతి జల్సాలో 'ఇఖ్రా' మీద గొప్ప తఖ్రీర్లు వింటాం. ఇంటికి రాగానే "బచ్చే ఫోన్ వదలడం లేదు, కితాబ్ ముట్టడం లేదు" అని షికాయత్ చేస్తాం.

ఇదంతా ఈ జమానా జబ్బే అనుకుంటాం గానీ, కాదు. నూట యాభై ఏళ్ల కింద కూడా మన పెద్దలు ఇదే సవాల్‌తో కుస్తీ పట్టారు. అప్పుడు ఫోన్లు లేవు. వాళ్ల భయం వేరు. పిల్లలు చదవడం లేదని కాదు, చదవకూడనివి చదువుతారేమోనని. నసీహత్ కావాలా, లుత్ఫ్ కావాలా అనే ఆ తగువులోంచే ఉర్దూలో పిల్లల సాహిత్యం పుట్టింది. ఆ తారీఖ్ మన పిల్లలకు కాదు, ముందు అమ్మీ అబ్బాలకు తెలియాలి. అందుకే ఈ మజ్మూన్.

గాలిబ్ రాసిన పిల్లల కితాబ్

పాత మక్తబ్‌లో చదువంటే కంఠస్థమే. పిల్లలు ఫార్సీ, అరబీ మాటలకు హిందవీ అర్థాలను నజ్మ్ రూపంలో వల్లె వేసేవాళ్లు. మన తెలుగు వీధిబడిలో అమరకోశం, ఆంధ్రనామ సంగ్రహం వల్లె వేసినట్లే. అలాంటి వాటిలో పేరున్నది 'ఖాలిక్ బారీ'. అది అమీర్ ఖుస్రో రాశాడని తరతరాలుగా నమ్మారు. తర్వాత మహమూద్ షీరానీ వంటి ముహఖ్ఖిఖ్‌లు అది ఆయనది కాదు, జహంగీర్ కాలపు మరో ఖుస్రోదని వాదించారు. రాసింది ఎవరైనా, లయలో పెడితే మాట పిల్లల నాలుక మీద నిలుస్తుందని వాళ్లకు తెలుసు.

ఆ దారిలోనే మీర్జా గాలిబ్ కూడా ఒక చిన్న కితాబ్ రాశాడు. పేరు 'ఖాదిర్ నామా'. గాలిబ్ అనగానే మనకు గజల్ గుర్తొస్తుంది, షరాబ్ గుర్తొస్తుంది, అప్పులు గుర్తొస్తాయి. పిల్లల కోసం రాసిన గాలిబ్ ఎవరికీ గుర్తు రాడు. ఆయనకు పుట్టిన బిడ్డలెవరూ బతకలేదు. భార్య తరఫు చుట్టం, తాను కొడుకులా చూసుకున్న షాయర్ జైనుల్ ఆబిదీన్ ఖాన్ ఆరిఫ్ కూడా 1852లో చిన్న వయసులోనే ఇంతెఖాల్ అయ్యాడు. ఆరిఫ్ కొడుకులు బాఖిర్, హుసేన్ గాలిబ్ ఇంట్లో పెరిగారు. ఆ ఇద్దరు యతీమ్ పిల్లల చదువు కోసం రాసిందే ఖాదిర్ నామా. ఢిల్లీలోనే పెద్ద షాయర్, ఎవరి ముందూ తల వంచని మనిషి, ఇద్దరు చిన్నపిల్లలకు మాటలు నేర్పడానికి వాళ్ల ముందు కూర్చుని ఖాఫియాలు కలిపాడు. పిల్లలకు రాయడం చిన్న పని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

పెనం మసితో నేర్చుకున్న అక్షరం

మగపిల్లల సంగతి ఇది. ఆడపిల్లల మాటేమిటి? బీబీ అష్రఫ్ అనే ఆమె ఆప్‌బీతీ చదివితే తెలుస్తుంది. 1840లో బిజ్నౌర్ జిల్లాలోని ఒక సయ్యద్ ఖాందాన్‌లో పుట్టిందామె. ఆ ఇంట్లో ఆడపిల్లలకు ఖురాన్ చదవడం వరకే ఇజాజత్. రాయడం మాత్రం పూర్తిగా మనాహీ. ఆడపిల్లకు రాత వస్తే చెడిపోతుందని భయం. ఖురాన్ చదవడం వచ్చిన ఆ పిల్లకు, మజ్లిస్‌లలో చదివే ఉర్దూ కితాబులు తానూ చదవాలని ఆశ పుట్టింది. నేర్పేవాళ్లు లేరు. అడిగితే పెద్దలు కోప్పడతారు.

ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? వంటింట్లో రొట్టెలు కాల్చే పెనం మసి తీసి సియాహీ చేసుకుంది. చీపురు పుల్లను కలం చేసుకుంది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దాక్కుని, అడిగి తెచ్చుకున్న కితాబుల్లోని అక్షరాలను చూసి చూసి దించింది. తాను రాస్తున్నదేమిటో మొదట్లో తనకే తెలియదు. రూపం మాత్రం దించుతూ పోయింది. నెమ్మదిగా ఆ రూపాలకు అర్థం దొరికింది. ఆ తర్వాత ఆ ఖాందాన్ ఆడవాళ్లకు ఖత్ రాయాలన్నా, వచ్చిన ఖత్ చదివి పెట్టాలన్నా ఆమే దిక్కయింది. జిందగీలో చాలా దుఃఖాలు చూసి, చివరికి లాహోర్‌లో విక్టోరియా బాలికల స్కూల్లో ఉస్తానీగా పనిచేసింది. 1903లో ఇంతెఖాల్ అయింది.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలకు చదువు షౌక్ మనం పుట్టించాలని అనుకుంటాం. చాలాసార్లు అది వాళ్లలో ముందే ఉంటుంది. మనం చేసే పని దాని మీద మూత పెట్టడమే. పెనం మసిని సియాహీ చేసుకున్న పిల్లకు ఎవరూ 'ఇఖ్రా' మీద తఖ్రీర్ ఇవ్వలేదు.

ఇంట్లోనే ముగ్గురు పాఠకులు

అదే బిజ్నౌర్ జిల్లా నుంచి వచ్చిన మరో మనిషి డిప్టీ నజీర్ అహ్మద్. సర్కారీ నౌకరీలో ఉండేవాడు. కూతుళ్లకు, కొడుకు బషీర్‌కు చదవడానికి ఇద్దామని బజార్లో వెతికితే ఆయనకు నచ్చిన కితాబ్ దొరకలేదు. ఉన్నవన్నీ పెద్దలవి, లేకపోతే పిల్లలకు తలకెక్కనివి. దాంతో తానే రాయడం మొదలుపెట్టాడు. పెద్దకూతురికి 'మిరాతుల్ ఉరూస్', చిన్నకూతురికి 'ముంతఖబుల్ హికాయాత్', బషీర్‌కు 'చంద్ పంద్'. మొత్తం ఒకేసారి రాసి ఇవ్వలేదు. నాలుగు పేజీలు రాసి ఇచ్చేవాడు. పిల్లలు చదివేసి ఇంకా కావాలని వెంటపడేవాళ్లు. నాది అయిపోయింది, నాకు తక్కువ రాశారు అని తగువులాడేవాళ్లు. ఆయన మళ్లీ కూర్చుని రాసేవాడు.

గమనించండి. ఇక్కడ కితాబ్ ఎంత పొడవుండాలో, ఎంత తొందరగా రావాలో నిర్ణయించింది పిల్లలు. ఉర్దూలో తొలి నవలగా చాలామంది చెప్పే కితాబ్‌కు తొలి ముసహ్హిహ్‌లు, తొలి తబ్సిరా నిగార్‌లు ఆ ఇంటి పిల్లలే.

ఆ తర్వాత జరిగింది మరీ దిల్చస్ప్‌గా ఉంటుంది. ఉత్తర పశ్చిమ రాష్ట్రాల విద్యాశాఖ డైరెక్టర్ కెంప్సన్ దౌరా మీద వచ్చి క్యాంప్ వేశాడు. బషీర్ అటు వెళితే దొర పలకరించి, ఏం చదువుతున్నావని అడిగాడు. పిల్లాడు 'చంద్ పంద్' అన్నాడు. దొర ఆ పేరు ఎప్పుడూ వినలేదు. తెప్పించి చూశాడు. మా ఆపా దగ్గర ఇంతకంటే మంచిది ఉందని పిల్లాడే చెప్పాడట. అలా ఇంటి గోడల మధ్య ఉన్న 'మిరాతుల్ ఉరూస్' బయటికొచ్చింది. 1869లో అచ్చయింది. మంచి దేశభాషా పుస్తకాలకు సర్కార్ ప్రకటించిన ఇనామ్‌లో వెయ్యి రూపాయలు దక్కాయి. చిన్న చెల్లెలు అస్గరీ తెలివి, పెద్ద అక్క అక్బరీ మొండితనం ఉర్దూ ఇళ్లలో సామెతలైపోయాయి. మా నానీమా తరం వాళ్లు ఇల్లు సరిగ్గా సర్దుకోని కోడలిని చూసి 'అక్బరీ' అనడం నేనే విన్నాను.

ఇదే నజీర్ అహ్మద్ సాలార్ జంగ్ పిలుపు మీద 1877లో మన హైదరాబాద్ రియాసత్‌కు వచ్చి కొన్నేళ్లు పెద్ద ఓహ్దాలో పనిచేశాడు. కాబట్టి ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. 1874లో వచ్చిన ఆయన 'తౌబతున్ నసూహ్' నవలలో ఒక దృశ్యం ఉంది. కలరా వచ్చి చావు అంచుదాకా వెళ్లొచ్చిన నసూహ్ అనే తండ్రి దీన్ బాట పట్టి ఇంటిని సంస్కరించడం మొదలుపెడతాడు. పెద్దకొడుకు కలీమ్‌కు షాయరీ పిచ్చి. తండ్రి మాట వినకుండా ఇల్లు విడిచి వెళ్తాడు. అప్పుడు నసూహ్ కొడుకు కుతుబ్‌ఖానాను బయటికి తెప్పించి నిప్పు పెడతాడు. దాస్తాన్లు, దీవాన్లు, అందమైన జిల్ద్‌లు అన్నీ బూడిదైపోతాయి.

తన పిల్లలు అడిగితే రాత్రికి రాత్రి కూర్చుని రాసిన తండ్రి, కితాబులు కాల్చే తండ్రి, ఇద్దరూ ఒకే రచయితలో ఉన్నారు. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. మనలో ప్రతి అబ్బాలోనూ ఈ ఇద్దరూ ఉంటారు. "బేటా, చదువు" అనేదీ మనమే. ఏం చదువుతున్నాడో చూసి "ఇదా చదివేది, ఫిజూల్" అని లాక్కునేదీ మనమే.

ఆవు, పన్‌చక్కీ, ఉడుత

నసీహత్‌ను మెల్లగా పక్కకు జరిపి లుత్ఫ్‌ను ముందుకు తెచ్చినవాళ్లలో ఇస్మాయిల్ మీరఠీ పేరు మొదట చెప్పాలి. 1844లో మీరఠ్‌లో పుట్టాడు. జిందగీ అంతా ఉస్తాదే. ఆయన తయారుచేసిన ఉర్దూ రీడర్లు తరాల పాటు నడిచాయి. ఆయన నజ్మ్‌లు ఆవు మీద, నీళ్లతో తిరిగే పిండిమర మీద, వాన మీద. అంటే పిల్లాడు గుమ్మం దాటగానే కళ్లకు కనిపించేవాటి మీద. అంతకుముందు పిల్లలు కంఠస్థం చేసిన ఫార్సీలో బుల్బుల్, సర్వ్ చెట్టు ఉండేవి. అవి ఎంత అందమైనవైనా మీరఠ్ పిల్లాడు చూసినవి కావు. తన ఇంటి ముందు కట్టేసిన ఆవు కితాబ్‌లోకి వచ్చేసరికి ఆ కితాబ్ తనదైంది.

అల్లామా ఇఖ్బాల్ కూడా తొలిరోజుల్లో పిల్లల కోసం రాశాడు. 1924లో వచ్చిన 'బాంగె దరా'లో సాలెపురుగు, ఈగ, కొండ, ఉడుత ముచ్చట్లాడే నజ్మ్‌లు ఉన్నాయి. చాలావాటి కింద ఇవి వేరేచోట నుంచి తీసుకున్నవని ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు. కొండ, ఉడుత ముచ్చట అమెరికా కవి ఎమర్సన్‌ది. మంచి కథ ఎక్కడిదైనా సరే, మన పిల్లల నాలుకకు తగ్గట్టు మార్చి ఇవ్వడానికి ఆయన సంకోచించలేదు. అది ఇంగ్లీషు వాళ్లది, ఇది హిందువులది, అది మనది కాదు అని పిల్లల అల్మారీకి సరిహద్దులు గీసేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి.

అమ్మ చనిపోయాక పూసిన పువ్వు

లాహోర్‌లో సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన బేగం ముహమ్మదీ బేగం కలిసి 1898లో 'తహ్జీబె నిస్వాన్' అనే ఆడవాళ్ల వారపత్రిక మొదలుపెట్టారు. సంపాదకురాలు ముహమ్మదీ బేగమే. పర్దాలో ఉంటూ పత్రిక నడిపింది. పెనం మసితో రాత నేర్చుకున్న బీబీ అష్రఫ్ ఆప్‌బీతీ మొదట వెలుగు చూసింది ఈ పత్రికలోనే. తర్వాత 'హయాతె అష్రఫ్' పేరుతో ఆమె జీవితాన్ని కితాబ్‌గా రాసింది కూడా ముహమ్మదీ బేగమే.

ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, ఇమ్తియాజ్ అలీ. ముద్దుగా తాజ్. ఆ పిల్లాడి కోసం కథలు, పాటలు రాసి వాడి పేరే పెట్టింది. 'తాజ్ ఫూల్', 'ఇమ్తియాజ్ పచ్చీసీ' అలాంటివే. 1908లో, ఆ పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు, ఆమె లోకం విడిచింది. మరుసటి ఏడాది, 1909లో, ముంతాజ్ అలీ పిల్లల కోసం వారపత్రిక తెచ్చాడు. పేరు 'ఫూల్'. అది దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. అమ్మ కథలు విని పెరిగిన ఆ పిల్లాడే తర్వాత 'అనార్కలీ' నాటకం రాసిన ఇమ్తియాజ్ అలీ తాజ్. చచ్చా ఛక్కన్‌ను సృష్టించి ఉర్దూవాళ్లను పొట్టచెక్కలయ్యేలా నవ్వించింది కూడా ఆయనే.

'ఫూల్' మొదటి సంపాదకురాలు ఒక యువతి. అప్పటికి 'బింతె నజరుల్ బాఖర్' అనే పేరుతో రాసేది. పెళ్లి తర్వాత నజర్ సజ్జాద్ హైదర్ అయింది. ఆమె కూతురు ఖుర్రతుల్ ఐన్ హైదర్ చిన్నప్పుడు తొలి రాతలు పంపింది ఈ 'ఫూల్'కే. ఆ అమ్మాయే 1959లో 'ఆగ్ కా దర్యా' రాసింది. పిల్లల పత్రిక అంటే కాలక్షేపం అనుకునేవాళ్లు ఈ సిల్‌సిలాను ఒక్కసారి వరుసగా చూడాలి. ఒక అమ్మ కొడుక్కి కథలు రాసింది. ఆ కథల నీడలో పత్రిక పుట్టింది. ఆ పత్రికకు ఒక చిన్నపిల్ల కథ పంపింది. ఉర్దూకు గొప్ప నవల వచ్చింది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలు చదివి ఊరుకోలేదు, రాశారు కూడా. తమ పేరు అచ్చులో చూసుకున్నారు. చదివిన పిల్లాడు తన మాట చెప్పడానికి చోటు దొరికినప్పుడే చదువు వాడి సొంతమవుతుంది.

చాందనీ ఓడిపోయిందా?

1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి మారిన జామియా మిల్లియాకు మొదట్నుంచీ డబ్బుల తంగీయే. ఉస్తాదులు జీతాలు సగం కోసుకుని పనిచేశారు. అంత తంగీలోనూ వాళ్లు వదలనిది పిల్లల కితాబులు. మక్తబా జామియా 1922 నుంచే ఉంది. 1926లో మొదలైన 'పయామె తాలీమ్' మెల్లగా పూర్తిగా పిల్లల రిసాలా అయింది. జామియా ప్రైమరీ మదరసాలో పిల్లలే దుకాణం నడిపేవాళ్లు, బ్యాంకు నడిపేవాళ్లు. జర్మనీ నుంచి వచ్చి జామియాలోనే ఉండిపోయిన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ ఆ పిల్లలకు 'ఆపా జాన్'. ఆమె ఖబర్ కూడా అక్కడే ఉంది.

ఈ మొత్తానికి పెద్దదిక్కు జాకిర్ హుసేన్ సాబ్. 1897లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి వచ్చి జామియా షేఖుల్ జామియా అయ్యాడు. 1967లో దేశానికి సదర్ అయ్యాడు. అంతటి మనిషి పిల్లలకు కథలు రాశాడు. అదీ తన పేరుతో కాదు, రుఖయ్యా రైహానా అనే పేరుతో. అది చిన్నప్పుడే దూరమైన ఆయన కూతురి పేరు.

ఆ కథల్లో అందరికీ తెలిసింది 'అబ్బూ ఖాన్ కీ బక్రీ'. మూలం ఫ్రెంచి రచయిత దోదే రాసిన కథ. జాకిర్ సాబ్ దాన్ని తీసుకొచ్చి అల్మోడా కొండల్లో పెట్టాడు. అబ్బూ ఖాన్ పెంచే మేకలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తాడు తెంపుకుని కొండ మీదికి పోతాయి, తోడేలు తినేస్తుంది. చివరికి చాందనీ అనే తెల్ల మేక వస్తుంది. అబ్బూ ఖాన్ దాన్ని ప్రాణంలా చూసుకుంటాడు. అయినా దానికి కొండ కావాలి. ఒకరోజు వెళ్లిపోతుంది. ఆజాదీగా పచ్చిక మేస్తుంది. రాత్రికి తోడేలు వస్తుంది. గెలవనని చాందనీకి తెలుసు. అయినా తెల్లారేదాకా కొమ్ములతో పోరాడి నేల కూలుతుంది. చెట్టు మీది పిట్టలన్నీ తోడేలే గెలిచిందంటాయి. ఒక ముసలి పిట్ట మాత్రం కాదు, చాందనీయే గెలిచిందంటుంది.

ఇది ఆజాదీ పోరాటం నడుస్తున్న రోజుల కథ. పెద్దలకు అందులో సియాసత్ కనిపిస్తుంది. పిల్లలకు మేక కనిపిస్తుంది. అసలు బలం వేరేచోట ఉంది. అమ్మ మాట విననందుకు మేకకు శిక్ష పడింది అని నసీహత్ చెప్పడానికి కావలసినంత సందు ఈ కథలో ఉంది. జాకిర్ సాబ్ ఆ పని చేయలేదు. ఎవరు గెలిచారన్నది పిట్టల తగువుగా వదిలాడు. చదివిన పిల్లలు ఆ తగువును తమ ఇంటికి తీసుకుపోతారు. మీ ఇంట్లో చదివి చూడండి. ఒకడు తోడేలు పక్షం, ఒకతె చాందనీ పక్షం, దస్తర్‌ఖాన్ దగ్గర బహస్ మొదలవుతుంది. ఇంతకంటే మంచి తబ్సిరా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఖిలౌనా రోజులు, ఆనా లైబ్రరీలు

తక్సీమ్ తర్వాత ఉర్దూ సగం ఇల్లు కోల్పోయింది. అలాంటి రోజుల్లో, 1948లో, ఢిల్లీలో 'షమా' నడిపే యూసుఫ్ దెహల్వీ కుటుంబం పిల్లల మాసపత్రిక 'ఖిలౌనా' తెచ్చింది. ఎనిమిదేళ్ల నుంచి ఎనభై ఏళ్ల దాకా ఉన్న పిల్లలందరి కోసం అని చెప్పుకునేది. రంగు బొమ్మలు, చుట్కులే, పజిళ్లు, సీరియళ్లు. కృష్ణ చందర్, ఇస్మత్ చుగ్తాయ్ వంటి పెద్ద రచయితలు దానికి రాశారు. కృష్ణ చందర్ 'ఉల్టా దరఖ్త్' కోసం, సిరాజ్ అన్వర్ 'ఖౌఫ్నాక్ జజీరా' కోసం పిల్లలు డాకియా దారి కాచేవాళ్లు. 1987లో అది ఆగిపోయింది. ఇప్పటికీ యాభై అరవై దాటిన ఉర్దూవాళ్ల ముందు 'ఖిలౌనా' అనే మాట అని చూడండి, ముఖం ఎలా వెలిగిపోతుందో.

ఇంకో పక్క ఇబ్నె సఫీ. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దున్యా' మొదలైంది. 1955లో ఇమ్రాన్ వచ్చాడు. ఇళ్లలో అది మనాహీ. దిండు కింద, సిలబస్ కితాబ్ మధ్యలో పెట్టుకుని చదివేవాళ్లు. మొహల్లా మొహల్లాకు ఆనా లైబ్రరీ ఉండేది. రోజుకు ఇంత అని కిరాయి కట్టి నవల తెచ్చుకోవడం, ఒక రోజు కిరాయికి ఇంట్లో నలుగురు చదివేయడం. ఇబ్నె సఫీని చదవడానికే ఉర్దూ నేర్చుకున్నవాళ్లు ఉన్నారని అంటారు. పెద్దలు ఫిజూల్ అన్న ఆ నవలలే ఒక తరానికి సాఫ్ జబాన్ నేర్పాయి. నసూహ్ కాల్చిన కుతుబ్‌ఖానా మళ్లీ ఆనా లైబ్రరీగా లేచి నిలబడిందన్నమాట.

మన దగ్గరి ముచ్చట

ఇక దక్కన్ సంగతి. 1891లో హైదరాబాద్‌లో కుతుబ్‌ఖానా ఆసఫియా మొదలైంది. నేటి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అదే. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. ఒకే షహర్‌లో పదేళ్ల తేడాతో రెండు దీపాలు. తెలుగులో పిల్లల కోసం 1945లో న్యాయపతి రాఘవరావు 'బాల' తెచ్చారు. 1947 జూలైలో 'చందమామ' వచ్చింది. అంటే లాహోర్ 'ఫూల్', ఢిల్లీ 'ఖిలౌనా', మద్రాసు 'చందమామ' ఒకే ఖాందాన్ పిల్లలు.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. తెలుగు డిగ్రీ దాకా నన్ను నడిపించింది వ్యాకరణం కాదు, చందమామ. పక్కింటి వాళ్లు చదివి ఇచ్చిన పాత సంచికల్లో బొమ్మలు చూసి, అక్షరాలు కూడబలుక్కుని, భేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడు ఏం చెప్పాడో తెలుసుకోవాలన్న ఆత్రంలో తెలుగు వచ్చేసింది. అప్పటికి మా బడి అల్మారీలో ఉర్దూ కథల కితాబులూ ఉండేవి. దానికి తాళం ఉండేది. పిల్లలు చింపేస్తారని హెడ్ సాబ్ తాళంచెవి జేబులో పెట్టుకునేవారు. నేను ఆ బడి వదిలేదాకా ఒక్క కితాబ్ కూడా చినగలేదు. చెదలు మాత్రం పట్టాయి.

ఈరోజు మన ఇళ్లలో మసలా మరింత చిక్కుగా ఉంది. బచ్చే ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, లిపి రాదు. బడిలో ఇంగ్లీషు చదువుతారు, దానిలో మజా దొరకదు. వీధిలో తెలుగు మాట్లాడతారు, చదవడం పరీక్ష వరకే. మూడు జబాన్లున్నాయి గానీ ఒక్కదాంట్లోనూ ఇష్టంగా పది పేజీలు చదవలేరు. దాదాజాన్ సందూఖ్‌లో ఉన్న కితాబులకు వారసులున్నారు, చదివేవాళ్లు లేరు. ఉర్దూ లిపి నేర్పాలా వద్దా అంటే, తప్పకుండా నేర్పాలి. కానీ నేర్చుకునేదాకా కథ ఆగకూడదు. చాందనీ కథ తెలుగులో చెప్పినా చాందనీయే. ఏ జబాన్‌లోనైనా ముందు రుచి పడాలి. రుచి తెలిసిన నాలుక రెండో వంటకం తానే అడుగుతుంది.

తారీఖ్ చెప్పిన నాలుగు మాటలు

ఈ నూట యాభై ఏళ్ల సఫర్ నుంచి మన ఇంటికి తెచ్చుకోవలసినవి నాలుగున్నాయి.

ఒకటి, పిల్లలను అడగండి. నజీర్ అహ్మద్ తన పిల్లలు అడిగినంత రాశాడు. మనం రాయక్కర్లేదు, కొనేటప్పుడు వాళ్లను షాపుకు తీసుకెళితే చాలు. హైదరాబాద్, విజయవాడ పుస్తకాల పండుగలకు వెళ్లి, చేతికి వంద రూపాయలిచ్చి, ఎంచుకోమనండి. దెయ్యాల కథ తీసుకున్నా కళ్లెర్ర చేయకండి. ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఇచ్చే వంద సమానంగా ఉండాలి. బీబీ అష్రఫ్ పడ్డ పాట్లు అయిపోయాయి అనుకుంటున్నాం గానీ, ఇంట్లో ఒక్క కితాబ్ కొనే పైసలుంటే అది ఎవరికి పోతుందో మనకు తెలుసు.

రెండు, చదివి వినిపించండి. ముహమ్మదీ బేగం పత్రిక పనుల మధ్య కొడుక్కి కథలు రాసింది. మనకు ఇషా తర్వాత పావుగంట చాలు. చదువు రాని దాదీమా ఉంటే మరీ మంచిది. ఆమె కథ చెబుతుంది, పిల్లలు రాసుకుంటారు.

మూడు, తబ్సిరా చేయనివ్వండి. కితాబ్ అయ్యాక "నీతి ఏమిటి?" అని అడిగితే అది మళ్లీ బడే. "ఎవరు నచ్చారు? ఎక్కడ బోర్ కొట్టింది? నువ్వైతే చివర ఎలా మారుస్తావు?" అని అడగండి. నచ్చలేదు అనే హక్కు వాళ్లకుండాలి. ఒక నోట్‌బుక్ ఇచ్చి, చదివిన ప్రతి కితాబ్ పేరు, రెండు మాటల రాయి అనండి. ఏడాది చివర ఆ నోట్‌బుక్కే వాళ్ల మొదటి కితాబ్. మస్జిద్ మక్తబ్‌లో జుమా రోజు పది నిమిషాలు ఒక పిల్ల లేచి తాను చదివిన కథ గురించి చెబితే, మిగతావాళ్లు ఆ కితాబ్ కోసం కొట్టుకుంటారు.

నాలుగు, తాళం తీయండి. ప్రతి మొహల్లాలో ఒక షాదీఖానా కట్టగలిగిన మనం, అందులో ఒక గోడకు అల్మారీ పెట్టలేమా? వలీమాలో ఒక్క వంటకం తగ్గిస్తే రెండు వందల కితాబులొస్తాయి. ఉర్దూలో 'ఉమంగ్', 'బచ్చోం కీ దున్యా' వంటి రిసాలాలు ఇంటికి తెప్పించుకోవచ్చు. తెలుగు బాలల పుస్తకాలు కొనండి, ఇంగ్లీషువీ కొనండి. మూడు జబాన్లూ ఒకే అరలో పక్కపక్కన ఉండనివ్వండి. చినిగితే అతికిద్దాం. చినిగిన కితాబ్ అంటే ఎవరో చదివారని షహాదత్. చెదలు పట్టిన కితాబ్ మన మీదే షికాయత్.

ఈ జుమా నమాజ్ తర్వాత మస్జిద్ కమిటీ పెద్దలతో ఈ ముచ్చట కదపండి. అల్మారీ నా వంతు, కితాబులు నీ వంతు అనుకుంటే చాలు, పని మొదలవుతుంది. తాళంచెవి మాత్రం పిల్లల చేతుల్లోనే పెట్టండి.